మూగజీవుల బంధువు రుక్మిణీదేవి

మద్రాసునుండి తిరుపతికి వచ్చు పెద్దబాట పుత్తూరు దాటిన పిమ్మట వడమాలపేట మీదుగ పోవుచున్నది. మోటారు బండ్లు విరివిగ లేని దినములలో ఇట్టి బాటలపై జట్కాబండ్లు నడచుచుండెడివి. రెండు చక్రములు, పైన గూడు, లోపల పఱచిన గడ్డి, ముందు నొగల నడుమ నొక పొట్టి గుఱ్ఱము, ఇదియే జట్కా. రైలు దిగిన యాత్రికులను, సంతకు పోవు వర్తకులను, పెండ్లివారిని అది మోసికొని పోయెడిది. నేటి విద్యార్థులు జట్కాను చిత్రములలో చూచుటయే యెక్కువ. నలుగురు కూర్చుండదగిన చోట ఏడెనిమిదిమంది యెక్కుటయు, వీపున పుండుపడిన గుఱ్ఱమును మరల బండికి కట్టుటయు, మిట్ట యెక్కలేక నిలిచినప్పుడు చర్నాకోలతో బాదుటయు నాడు వింత కాదు. జట్కావాడు స్వభావముచేతనే క్రూరుడని చెప్పరాదు. ఆ పూట బాడుగ రానిచో అతని యింట పొయ్యి రాజదు. గుఱ్ఱమునకు ఉలవలును దొరకవు. అతని పేదఱికపు బరువులో సగము గుఱ్ఱము మోసెడిది.

ఇట్టి హింసను వారించుటకు శాసనమే లేకపోలేదు. గుఱ్ఱములను, గాడిదలను, పశువులను క్రూరముగ హింసించువారిని శిక్షింపవలెనని 1822లో ఆంగ్లదేశపు పార్లమెంటు ఒక చట్టము చేసెను. ఐర్లండులోని గాల్వే ప్రాంతపు ప్రతినిధియగు రిచర్డు మార్టిన్ దానికి కారకుడు. గాడిదకొఱకు చట్టమేమని సభలో తొలుత నవ్వినవారే యెక్కువ. మన దేశమున 1861లో కోల్స్‌వర్దీ గ్రాంటు అను నాతడు కలకత్తాలో జంతుహింసా నివారణ సంఘమును స్థాపించెను. నగరవీథులలో బండ్లు లాగు ఎడ్ల పాట్లును, గుఱ్ఱముల పాట్లును అతనిని కదలించినవి. తరువాత 1890లో భారత ప్రభుత్వము జంతుహింసా నివారణ చట్టము నొకదానిని చేసినది.

ఆ చట్టము పేరునకు గొప్పదే గాని దాని చేయి పొట్టిది. అది మునిసిపాలిటీల హద్దులలోనున్న పట్టణములకే చెల్లెను. పెంపుడు జంతువులను, పట్టి బంధించిన జంతువులను మాత్రమే అది జంతువులుగ నెంచెను. కొన్ని జంతువులపట్ల జరుగు కొన్ని విధముల హింసను మాత్రమే తప్పుగ పేర్కొనెను. శిక్షయు స్వల్పము. ఒక ఉదాహరణము నూహింపుడు. జట్కా గుఱ్ఱ మొకటి తిరుపతి మునిసిపాలిటీలో దెబ్బలు తినినచో అడుగుటకు చట్ట మొకటి యుండును. ఆ గుఱ్ఱమే పట్టణపు పొలిమేర దాటి వడమాలపేట చేరినచో చట్టము వెంట రాదు. గుఱ్ఱమునకు మాత్రము రెండు చోట్లను దెబ్బ యొక్కటియే.

డెబ్బది సంవత్సరములు నడచిన ఈ చట్టమును మార్పించుటకు పూనుకొన్నది న్యాయవాదియు కాదు, పశువైద్యుడును కాదు. నాట్యకళకై తన జీవితమును ధారవోసిన యొక స్త్రీ. ఆమెయే రుక్మిణీదేవి అరండేల్. కళాక్షేత్రమును స్థాపించిన నర్తకిగ ఆమెను లోకమెల్ల నెఱుగును. పార్లమెంటులో మూగజీవుల పక్షమున ఆమె చేసిన కృషి నెఱిగినవారు కొలదిమందియే. రెండవదియే గొప్పదని ఈ రచయిత యభిప్రాయము.

రుక్మిణీదేవి 1904వ సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీన మధురలో జన్మించెను. నాలుగేండ్ల కొకసారి వచ్చు తేదీ యగుటచే, ఎనుబదియొక్క సంవత్సరములు నిండ జీవించియు ఆమె తన నిజమైన పుట్టినదినమును ఇరువదిమార్లు మాత్రమే చూచెను. తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజనీరు, సంస్కృత పండితుడు. తల్లి శేషమ్మాళ్ సంగీతప్రియురాలు. శాస్త్రిగారు దివ్యజ్ఞాన సమాజమున చేరి, ఉద్యోగవిరమణానంతరము మద్రాసు చెంతనున్న అడయారులో ఆ సమాజపు తోటల సమీపమున స్థిరపడిరి. ఆ సమాజమునకు నాడు అధ్యక్షురాలు అనిబిసెంటు. మదనపల్లెలో ఆమె పేర కళాశాల వెలసియుండుటచే ఆమె మన ప్రాంతమువారికి పరాయి కాదు. జాతిమత భేదములు లేక మానవులందఱు సోదరులను భావమును, జీవకారుణ్యమును ఆ సమాజమువారు బోధించుచుండిరి. బాలికయగు రుక్మిణి ఈ వాతావరణమున పెరిగెను.

అచ్చట ఆమెకు జార్జి అరండేల్ అను ఆంగ్లేయుడు పరిచయమయ్యెను. ఆయన విద్యావేత్త; అనిబిసెంటునకు కుడిభుజము వంటివాడు. 1920లో వారిరువురు వివాహమాడిరి. వధువునకు పదునాఱేండ్లు, వరుడు ఆమెకంటె ఇరువదియైదేండ్లు పెద్ద. బ్రాహ్మణ కన్య ఆంగ్లేయుని పెండ్లాడుట ఆ కాలమున మద్రాసు నగరమున కలకలము రేపెను. బంధువులు దూరమైరి. పత్రికలు నిందించినవి. పదిమంది నవ్వినను తాను మంచిదని యెంచిన పనిని విడువని గుణము ఆమెకు ఈ చిన్న వయస్సుననే అలవడెను. తరువాతి కాలమున అది ఎంతయో పనికివచ్చినది.

భర్తతో గూడి ఆమె దేశదేశములు తిరిగెను. 1928లో రష్యాదేశపు ప్రసిద్ధ నర్తకి అన్నా పావ్‌లోవా నాట్యమును చూచి ముగ్ధురాలయ్యెను. పిమ్మట ఆస్ట్రేలియాకు పోవు ఓడలో వారిరువురకు స్నేహము కుదిరినది. పరదేశపు నాట్యము నేర్వ నుత్సాహపడిన రుక్మిణిని, నీ దేశపు నాట్యమును వెదకుకొమ్మని పావ్‌లోవా ప్రోత్సహించెను. ఆ కాలమున దేవదాసీలు ఆడు సదిరాట కులస్త్రీలు చూడదగనిదని లోకుల భావము. రుక్మిణీదేవి మైలాపూరు గౌరీ అమ్మాళ్ వద్దను, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళ వద్దను ఆ విద్య నభ్యసించి 1935 డిసెంబరులో అడయారున జరిగిన దివ్యజ్ఞాన సమాజ వజ్రోత్సవములలో ప్రదర్శించెను. ఆ సభకు వచ్చినవారిలో పలువురు నిందింపవచ్చి మెచ్చుకొని పోయిరందురు. ఆ కళను తరతరములుగ కాపాడుకొని వచ్చిన దేవదాసీ కుటుంబములకు దక్కవలసినంత గౌరవము దక్కలేదను మాటయు సత్యమే. ఆమె గురువులు ఆ సంప్రదాయమువారే యని మఱువరాదు.

1936 జనవరిలో ఆమె స్థాపించిన సంస్థయే కళాక్షేత్రము. చెట్ల నీడను పాఠములు చెప్పెడి ఆ విద్యాలయమున టైగర్ వరదాచార్యులు, మైసూరు వాసుదేవాచార్యులు వంటి సంగీత విద్వాంసులు పని చేసిరి. మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు యక్షగానమగు ఉషాపరిణయమును సయితము ఆమె రంగస్థలముపై కెక్కించెను. తెలుగుభాష దక్షిణదేశ నాట్యసంగీతములకు ప్రాణము వంటిదని అచ్చటి విద్యార్థులకు చెప్పనక్కఱలేదు. 1945లో భర్త మరణించెను. అప్పటికి ఆమెకు నలుబదియొక్క సంవత్సరములు. సంతానము లేదు. కళాక్షేత్రమే ఆమె కుటుంబమయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చెను. రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. పార్లమెంటులో రెండు సభలు ఏర్పడెను. పై సభయగు రాజ్యసభకు పండ్రెండుమందిని రాష్ట్రపతి నియమించును. సాహిత్యము, శాస్త్రము, కళలు, సంఘసేవ యను రంగములలో పేరొందినవారికి ఈ గౌరవము లభించును. 1952లో తొలిసారి నియమితులైనవారిలో రుక్మిణీదేవి యొకతె. ప్రసిద్ధ నటుడు పృథ్వీరాజ్ కపూర్ కూడ ఆ జట్టులోనివాడే. ఇట్టి స్థానము పొందిన కళాకారులు కళలను గుఱించి నాలుగు మాటలాడి గౌరవముతో ఇల్లు చేరుట సహజము. రుక్మిణీదేవి ఎన్నుకొన్న విషయము వేఱు. నోరులేని జంతువుల బాధను ఆమె సభ ముందుంచ దలచెను.

రాజ్యసభ కధ్యక్షుడు ఉపరాష్ట్రపతి. ఆ పీఠముపై నాడు కూర్చుండినవారు డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్. వారు పుట్టినది తిరుత్తణి. నేడు తమిళనాడునందున్న ఆ యూరు 1960 వఱకును చిత్తూరు జిల్లాలోనే యుండెను. వారు కొంతకాలము తిరుపతిలో చదివిరి కూడ. పుత్తూరు, నగరి మీదుగ తిరుత్తణికి పోవు బాట మన విద్యార్థులలో అనేకులకు తెలిసినదే.

ఇచ్చట చట్టము లెట్లు పుట్టునో కొంత తెలిసికొనుట మంచిది. చట్టము కావలసిన ప్రతిపాదనకు బిల్లు అని పేరు. మంత్రులు తెచ్చు బిల్లునకు ప్రభుత్వపు బలముండును. మంత్రి కాని సభ్యుడు కూడ బిల్లు తేవచ్చును. దానిని అనధికార సభ్యుని బిల్లందురు. అట్టి బిల్లులకు సభలో నిర్ణీతమైన కొలది సమయమే లభించును. ఉభయ సభలలోను మెజారిటీ వారు ఒప్పుకొని, రాష్ట్రపతి సంతకము చేసిన గాని అది చట్టము కాదు. పార్టీ బలము లేని నియమిత సభ్యురాలికి చేతనున్నది ఒప్పించు మాట యొక్కటియే. తోడి సభ్యులను, మంత్రులను, ప్రధానమంత్రిని ఒప్పింపనిదే ఒక్క యడుగును ముందునకు పడదు. వ్యవసాయమునకు ఎడ్లు, బండ్లకు గుఱ్ఱములు, ఆహారమునకు మేకలు, పరిశోధనలకు కోతులు, మ్రొక్కులకు కోళ్ళు కావలయునను జనులకు ప్రతినిధులైనవారు ఆ సభ్యులు. వారి కెదురుగ నిలిచి జంతువుల పక్షమున మాటాడుట తేలిక కాదు.

జంతుహింసా నివారణకై ఆమె సిద్ధపఱచిన అనధికార బిల్లు 1953లో రాజ్యసభకు వచ్చెను. 1954 మార్చి 5వ తేదీన దానిపై ఆమె సవిస్తరముగ ఉపన్యసించెను. అహింసను ధర్మమని చాటిన బుద్ధుడు, మహావీరుడు పుట్టిన దేశమున జంతువుల పాట్లు కన్నులు చెదరునట్లు ఉండుట ఆమె బాధకు మూలము. బరువులు లాగు పశువులు, వధ్యస్థానములకు నడపబడు జంతువులు, ప్రయోగశాలలలోని ప్రాణులు. అన్నియు ఆమె దృష్టిలో నుండినవి. 1890 చట్టము ఎంత చాలనిదో వివరించుట ఆమెకు కష్టము కాలేదు. దానిని మార్చుటకు పదుగురను కదలించుటయే కష్టము.

ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ చర్చలో పాల్గొనెను. బిల్లు నుద్దేశమును ఆయన హర్షించెను. కాని కొన్ని క్లాజులతో ఆయన ఏకీభవింపలేదు. ఈ విషయమును పరిశీలించి ప్రభుత్వమే సమగ్రమైన బిల్లు తెచ్చుననియు, ఆమె తన బిల్లును ఉపసంహరించుకొనవలెననియు కోరెను.

ఇదియే ఆమె జీవితమున కఠినమైన ఘట్టమని తలంచెదను. బిల్లు నట్లే యుంచి వోటునకు పెట్టినచో అది వీగిపోవుట దాదాపు నిశ్చయము. ఉపసంహరించుకొన్నచో చేతిలోని దానిని విడిచి, కేవలము మాట నమ్ముకొని కూర్చుండవలెను. ప్రభుత్వములు మాటలిచ్చి మఱచుట కొత్త కాదు. పట్టుదలకు పేరొందిన స్త్రీ. లోకనిందకు వెఱవక పెండ్లాడినది, నాట్యమాడినది. అట్టి యామె ఇచ్చట వెనుకకు తగ్గి బిల్లును ఉపసంహరించుకొనెను. చట్టముపై తన పేరుండుటకంటె చట్టము పుట్టుట ముఖ్యమని ఆమె గ్రహించినట్లు తోచుచున్నది. పిమ్మట ప్రభుత్వ మొక సంఘమును నియమించెను. ఆ సంఘము పాత చట్టమును సవరించుట చాలదనియు, దానిని తొలగించి కొత్తది చేయవలెననియు సిఫారసు చేసెను. ఈ విచారణలతోను, ముసాయిదాలతోను ఆఱు సంవత్సరములు గడచినవి. ఈలోగా 1956లో ఆమెకు పద్మభూషణ బిరుదము లభించినది. రాజ్యసభకు రెండవసారి నియమింపబడెను.

సరిగ ఆ సంవత్సరములలోనే భూగోళమునకు ఆవలి ప్రక్కన మఱియొక స్త్రీ గుఱ్ఱములకొఱకే శాసనకర్తల యెదుట నిలిచినది. ఆమె కథ కొంచెము చెప్పుట అప్రస్తుతము కాదు. అమెరికాలోని నెవాడా రాష్ట్రమున వెల్మా జాన్‌స్టన్ అను నామె యుండెను. బాల్యమున పోలియో సోకి దేహము వంకరవోయినది. ఒక భీమా కార్యాలయమున ఆమె చిన్న యుద్యోగిని. 1950లో ఒకనాడు పనికి పోవుచు, ముందు పోవు లారీనుండి రక్తము కాఱుటను చూచెను. దానిని వెంబడించిపోగా అందు గాయపడిన అడవిగుఱ్ఱములు కిక్కిరిసి యుండెను. విమానములతోను మోటారు బండ్లతోను తఱిమి పట్టి, వానిని మాంసమునకై వధశాలలకు చేర్చుట నాడక్కడ వ్యాపారము. ఆమె మొదట తన ప్రాంతపు స్థానిక సభవారిని కలిసికొని విమానములతో తఱుముటను 1952లో మాన్పించెను. పిమ్మట 1955లో రాష్ట్ర శాసనసభవారిచే చట్టము చేయించెను. పరిహాసమునకై విరోధులు ఆమెకు అడవిగుఱ్ఱముల ఆనీ యని పేరు పెట్టిరి; ఆమె ఆ పేరునే గౌరవముగ ధరించెను. 1959లో తన చేతనున్న ఛాయాచిత్రములతో వాషింగ్టను నగరమునకు పోయి, శాసనకర్తల ఉపసంఘము ముందు నిలిచి సాక్ష్యము చెప్పెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో దేశమంతటికి చెల్లు చట్టము వచ్చినది. 1971లో అంతకంటె బలమైన చట్టమును ఉభయ సభలును ఏకగ్రీవముగ ఆమోదించినవి. ఆ రెండవ చట్టమునకై వేలకొలది బడిపిల్లలు తమ ప్రతినిధులకు జాబులు వ్రాసిరి.

రుక్మిణీదేవికి సభలోపల ఆసనముండెను, వెల్మాకు లేదు. ఒకతె ప్రసిద్ధురాలు, మఱియొకతె సామాన్యురాలు. ఐనను ఇరువురు చేయవలసిన పని యొక్కటియే. వోటు వేయువారి యెదుటికి పోవలెను. వారు చూడని దానిని చూపవలెను. నవ్వినను మరల పోవలెను. గుఱ్ఱము తనంత తాను మనవి చేసికొనలేదు గదా.

నెహ్రూ మాట తప్పలేదు. ప్రభుత్వపు బిల్లు పార్లమెంటునకు వచ్చెను. ఆ సమయమున లోక్‌సభకు స్పీకరుగ నుండినవారు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. వారు తిరుచానూరువారు, చిత్తూరు నియోజకవర్గపు ప్రతినిధి. ఒక సభకు తిరుత్తణివారు, రెండవ సభకు తిరుచానూరువారు అధ్యక్షత వహింపగా ఈ శాసనము సిద్ధించుట మన ప్రాంతమువారికి ముచ్చటైన విషయము. రెండూళ్ళకు నడిమి బాటలోనే వడమాలపేట యున్నది. 1960 డిసెంబరు 26వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు ఆమోదముతో జంతుహింసా నివారణ చట్టము ఏర్పడెను. అది ఆ సంవత్సరపు 59వ చట్టము.

ఈ చట్టము పట్టణమని, పల్లెయని భేదము పెట్టలేదు. మనుష్యుడు కాని ప్రాణియెల్ల జంతువే యని నిర్వచించెను. జంతువును పెంచువాడు దాని క్షేమమునకు బాధ్యుడని విధించెను. కొట్టుట, తన్నుట, మితిమీఱి తోలుట, మోయలేని బరువు వేయుట నేరములైనవి. ముసలితనముచేతగాని, రోగముచేతగాని, పుండుచేతగాని పనికి తగని జంతువుచే పని చేయించుట నేరమైనది. చాలినంత మేత, నీరు, నీడ ఇయ్యకుండుటయు నేరమే. పుండుపడిన గుఱ్ఱమును చికిత్సాలయమునకు పంపుమని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును, ఖర్చు యజమానునిది.

ఐనను రుక్మిణీదేవి కోరినదంతయు అందు లేదు. మతాచారమును బట్టి చేయు వధను చట్టము నేరముగ నెంచలేదు. శాస్త్రప్రయోగములు మానలేదు, వానిపై పర్యవేక్షణకు సంఘ మొకటి ఏర్పడుటకు మాత్రము వీలు కలిగినది. మొదటి తప్పునకు జరిమానా ఏబది రూపాయలకు మించలేదు. 1960లో ఏబది రూపాయలు జట్కావానికి భారమే. కాలము గడచి రూపాయి విలువ తగ్గినకొలది ఆ శిక్ష నామమాత్రమైనది. ఆమె కోరికలో సగమే తీఱినదని అప్పుడే తెలిసినవారు చెప్పుకొనిరి.

చట్టము పుస్తకములో నున్నంతమాత్రమున గుఱ్ఱపు వీపు మానదు. దానిని నడపుటకు జంతు సంక్షేమ మండలి యను సంస్థ 1962లో ఏర్పడెను. దానికి మొదటి అధ్యక్షురాలు రుక్మిణీదేవియే. కార్యాలయము మద్రాసున వెలసినది. ఆ సంవత్సరమే ఆమె రాజ్యసభ సభ్యత్వము ముగిసినది. ఇక మీదట ఆమె పని అన్నియు చిన్న చిన్న నిబంధనలతోనే. వినుటకు అవి రుచింపవు గాని బండి లాగు జంతువునకు అవియే ముఖ్యములు.

1965లో బండి లాగు జంతువులను, బరువు మోయు జంతువులను గుఱించిన నిబంధనలు వెలువడెను. ఏ బండికి, ఏ జంతువునకు ఎంత బరువో అందు హద్దు పెట్టిరి. బండివానిని, ఆఱేండ్లలోపు పిల్లలను విడిచి నలుగురికంటె నెక్కువమంది బండి నెక్కరాదు. దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు. ఎడతెగక ఐదు గంటలకు మించి తోలరాదు. వేడి 37 డిగ్రీలు దాటు చోట్ల మధ్యాహ్నము పండ్రెండునుండి మూడు గంటలవఱకు బండి కట్టరాదు. రాయలసీమ యెండ నెఱిగినవారికి ఈ యొక్క నిబంధన విలువ వేఱుగ చెప్పవలసిన పని లేదు. ముండ్లుగల కళ్ళెములు, మొనలుగల కఱ్ఱలు వాడరాదు. గుఱ్ఱములకు లాడములు కొట్టువారికి అనుమతిపత్ర ముండవలెనని ఆ సంవత్సరమే వేఱొక నిబంధనావళి వచ్చెను. లాడము వంకరగ పడినచో గుఱ్ఱము ప్రతి యడుగునను బాధపడును, దానిని చూచువానికి అది మొండితనముగ కనబడును, దెబ్బలు పడును. ఈ గొలుసును మొదటి లంకెకడ తెంచుట ఆ నిబంధన యుద్దేశము. పిమ్మట 1978లో రైళ్ళలోను లారీలలోను జంతువులను తరలించు విధమును గుఱించి నిబంధనలు వచ్చెను. గుఱ్ఱములకు, కంచరగాడిదలకు అందు వేఱుగ నియమము లున్నవి.

ఈ పనుల నడుమ కళాక్షేత్రమును ఆమె విడువలేదు. 1962లో అది అడయారునుండి తిరువాన్మియూరులోని విశాలమైన స్థలమునకు మాఱెను. అచ్చట ఆమె నాటించిన చెట్లు పెరిగి వనమైనవి. వాల్మీకి రామాయణమును నాట్యరూపకములుగ కూర్చు పని 1955లో సీతాస్వయంవరముతో మొదలైనది. దానికి మైసూరు వాసుదేవాచార్యులు సంగీతము కూర్చిరి. నూలుబట్టలు నేయించుట, సహజమైన రంగుల నద్దించుట కూడ ఆమె పనులలోనివే. ఒకచోట తాళము తప్పిన శిష్యురాలిని దిద్దుట, వేఱొకచోట గుఱ్ఱమున కెంత బరువో తేల్చు ముసాయిదాను దిద్దుట. ఆమెకు రెండును ఒకే విధమైన శ్రద్ధతో చేయవలసిన పనులు.

1977లో రాష్ట్రపతి పదవికి ఖాళీ ఏర్పడెను. నాటి ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి ఆ పదవికి ఆమె పేరును సూచింపగా ఆమె వలదనెను. ఆ పదవిని తరువాత నలంకరించినవారు మన అనంతపురము జిల్లావారగు నీలం సంజీవరెడ్డిగారు. రాష్ట్రపతి భవనమునకు పోనివారిని గుఱించి లోకము త్వరగ మఱచును. ఆమె మాత్రము తిరువాన్మియూరు చెట్ల నీడను, మండలి కార్యాలయమున ఫిర్యాదుల కాగితముల నడుమను తృప్తితో కాలము గడపెను.

1986వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన మద్రాసులో రుక్మిణీదేవి తనువు చాలించెను. అప్పటికిని ఆమె జంతు సంక్షేమ మండలిలోనే యుండెను. మరుసటి యేడు తపాలాశాఖవారు ఆమె చిత్రముతో నొక బిళ్ళను వెలువరించిరి. 1993లో పార్లమెంటు కళాక్షేత్రమును జాతీయ ప్రాధాన్యముగల సంస్థగ గుర్తించుచు శాసనము చేసెను.